మామయ్య కంట్లో కరిగిపోయిన పుల్ల

రెండు డిగ్రీలు చదివి నేను చేసే ఉద్యోగం ఇదీ. బియ్యపు గింజంత పొడవు, కుట్టుదారమంత సన్నం ఉండే పాలిమర్ పుల్లల్ని చిన్న చిన్న సీసాల్లో, ఒంటి వేడి ఉన్న ఉప్పునీళ్లలో వేస్తాను. వారం వారం నీళ్లు మారుస్తాను. పుల్లలోంచి ఎంత మందు బయటికొచ్చిందో కొలుస్తాను. కొన్నాళ్లు పుల్ల ఏమీ ఎరగనట్టు పడుంటుంది. తర్వాత ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, విరుగుతుంది. ఆఖరికి ఒకరోజు సీసాలో నీళ్లు తప్ప ఏమీ మిగలవు. మా ఆఫీసులో దాన్ని విజయం అంటారు. కేక్ కూడా కోస్తారు.

ఇలాంటి పుల్లలు కంట్లో పెట్టడానికి. లోపల మందు ఉంటుంది, పాలిమర్ కరిగే కొద్దీ అది కొంచెం కొంచెంగా బయటికొస్తుంది. తీయక్కర్లేదు. తీయాలన్నా తీయలేరు, అది వేరే సంగతి. ఆ వేరే సంగతి మా ఇంట్లో ఎవరికీ ఎక్కలేదు. నాకు ఎక్కింది, కానీ నేను మనిషిని కాదు, మా ఇంటి కామెడీ ప్రోగ్రాముని.

అప్పుడు నేను అమెరికాలో క్యారీ అనే ఊళ్లో మా మేనమామ ఇంట్లో మేడ మీద గదిలో ఉండేవాణ్ని. మామయ్య ముప్పై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్‌లోనూ, ఇరవై ఏళ్లుగా షుగర్‌లోనూ ఉన్నాడు. రెండింటికీ ఒకే పద్ధతి: రిపోర్టులు జాగ్రత్తగా ఫైల్ చేస్తాడు, చదవడు. అలా ఫైల్ చేస్తుండగానే ఎడమ కంటి లోపల రక్తం కారింది. ఆ కంటికి ఇప్పుడు కిటికీ ఎటుందో మాత్రం తెలుస్తుంది. మిగిలింది కుడి కన్ను ఒక్కటే. దానికీ శుక్లం ముదిరింది, వెనక రెటీనా వాచింది. క్యారీలో పాల డబ్బాకి కూడా కారు తీయాలి. అత్తయ్యకి డ్రైవింగ్ రాదు. పాతికేళ్లుగా వచ్చే సమ్మర్‌లో నేర్చుకుంటోంది. ఆ ఒక్క కన్ను పోతే మామయ్యకి పుస్తకమే కాదు, పాలూ లేవు.

కళ్ల డాక్టరమ్మ అమెరికన్, మాట తక్కువ మనిషి. శుక్లం తీసేసి, అదే పూటలో కంటి లోపల ఒక స్టెరాయిడ్ పుల్ల వదిలేస్తానంది. అది నెలల తరబడి వాపుని అణిచిపెట్టి, తనే కరిగిపోతుంది. అందువల్ల మామూలుగా ఆపరేషన్ తర్వాత వేసే స్టెరాయిడ్ చుక్కలు వద్దంది. ఒక్క వారం యాంటీబయాటిక్ చుక్కలు, అంతే. కాగితం మీద కూడా రాసిచ్చింది. అత్తయ్య దాన్ని ఫ్రిజ్ మీద, తిరుపతి మాగ్నెట్ కింద పెట్టింది. మా ఇంట్లో ఫ్రిజ్ మీదకెక్కిన కాగితాన్ని ఇక ఎవరూ చదవరు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తయ్య అడిగింది.

"కరిగిపోతుందంటే ఎక్కడికి పోతుందిరా?"

"లాక్టిక్ ఆసిడ్ అయిపోతుంది అత్తయ్యా. పెరుగులో ఉంటుందే, అదే. తర్వాత నీళ్లూ గాలీ."

"పెరుగా? కంట్లో పెరుగు పెడతారా?"

"తోడేసి వదిలేస్తారు. ఆర్నెల్లకి తోడుకుంటుంది."

మామయ్య పొలమారేదాకా నవ్వాడు. నేను చేసిన తెలివైన పనుల్లో అది మొదటిది. మర్నాటికి వాట్సాప్ గ్రూపులో అది "పెరుగు ఆపరేషన్" అయింది. ఒకావిడ అది ఆవు పాలతో చేసిందేనా అని అడిగింది. ఇంకొకావిడ, జలుబు చేసే ఒళ్లయితే పెరుగు పడదు కదా, ముందే చెప్పుకోండి అని వాయిస్ మెసేజ్ పెట్టింది. వీళ్లిద్దరూ ఇక్కడి మందుల కంపెనీల్లో పనిచేస్తారు.

ఆపరేషన్ పావుగంటలో అయిపోయింది. పరామర్శ మాత్రం పది రోజులు సాగింది. మనవాళ్లు మామూలుగా ఒక కూర ఇచ్చిపుచ్చుకోవడానికి కూడా కేలండర్ చూసుకుంటారు, కానీ ఎవరికైనా కుట్టు పడితే చాలు, ఆదివారం పొద్దున్నే యాపిల్స్‌తో దిగిపోతారు. ప్రతివాళ్లకీ కంటి కథ ఒకటి ఉంటుంది. ప్రతి కథలోనూ కన్ను పోతుంది. చెప్పడం అయిపోయాక "మీకలా అవదులెండి" అని ఇంకో గారె తీసుకుంటారు. మామయ్య నల్ల కళ్లద్దాలు పెట్టుకుని హాల్లో కూర్చుని, తన చావు గురించి ఉపన్యాసం వింటున్నవాడిలా తల ఊపేవాడు.

మూడో రోజు డాక్టర్ అంకుల్ వచ్చాడు.

ఆయన గుండె డాక్టరు. రిటైరయ్యి చాలా ఏళ్లయింది. మా ఊళ్లో తెలుగువాళ్లు ఎవరైనా ఆస్పత్రికి వెళ్లే ముందు ఆయన అనుమతి తీసుకుంటారు, వచ్చాక ఆమోదం తీసుకుంటారు. మోకాలు, మూత్రపిండం, గర్భం, పన్ను, అన్నిటికీ సలహా ఇస్తాడు. గుండె గురించి అడిగితే మాత్రం "మీ డాక్టర్‌ని కనుక్కోండి" అంటాడు. అందులో ఎంత ప్రమాదం ఉందో ఆయనకి తెలుసు కాబట్టి.

ఆయన సోఫాలో మామయ్యకి ఎడమవైపు, తన చోట్లో కూర్చున్నాడు. ఫోన్ లైటు వేసి మామయ్య కంట్లోకి చూశాడు. ఫోన్ లైటుతో కంటి వెనక ఏం కనబడుతుందో నాకు తెలీదు. ఆయనకీ తెలీదు. "ఊఁ" అన్నాడు.

"స్టెరాయిడ్ డ్రాప్స్ ఏవమ్మా?"

"వద్దన్నారండీ డాక్టర్ గారూ," అంది అత్తయ్య. "ఆ పుల్లలోనే ఉందిట."

"ప్లాస్టిక్ పుల్ల పెట్టి డ్రాప్స్ మానేశారా? వాట్ నాన్సెన్స్! ఈ ఇన్సూరెన్స్ వాళ్లు చుక్క మందు దగ్గర కూడా పీనాసితనమే. మా రోజుల్లో సిక్స్ వీక్స్ వేసేవాళ్లం. ఇంట్లో ఏమైనా ఉన్నాయా?"

ఇంట్లో ఉండకపోవడం ఏమిటి! బటర్ కుకీల నీలం డబ్బా ఒకటి మా ఇంట్లో ఉంది. దాంట్లో కుకీలు ఎప్పుడైనా ఉన్నట్టు ఎవరికీ గుర్తులేదు. ఇండియా వెళ్లినప్పుడల్లా తెచ్చిన మాత్రలూ, ఆయింట్‌మెంట్లూ, సగం వాడిన సిరప్పులూ ఉంటాయి. అత్తయ్య పోయినేడు విజయవాడలో తన శుక్లం తీయించుకుని, మిగిలిన చుక్కల మందు సీసాలు నాలుగు అందులో దాచింది. ఒకటి తీసి ఇచ్చింది. ఆయన చెయ్యి చాచి దూరంగా పట్టుకుని లేబుల్ చదివాడు.

"ఎక్సలెంట్. రోజుకి నాలుగు సార్లు."

నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. ఆ సీసాలో మందూ ఆ పుల్లలో మందూ ఒకే జాతివని నాకు తెలుసు. కంట్లో స్టెరాయిడ్ ఎక్కువైతే కొందరికి ప్రెషర్ పెరుగుతుందనీ, పెరిగిన ప్రెషర్ వెనకున్న నరాన్ని నలిపేస్తుందనీ తెలుసు. వద్దన్న కాగితం పది అడుగుల దూరంలో ఫ్రిజ్ మీద ఉందనీ తెలుసు. ఇన్ని తెలిసినవాణ్ని నేను అన్న మాట ఇదీ:

"ఎందుకంకుల్, కంటికి గుండెపోటు వస్తుందనా?"

అందరూ నవ్వారు. డాక్టర్ అంకుల్ అందరికంటే ఎక్కువ నవ్వి, "మీవాడు హుషారైనవాడోయ్," అన్నాడు మామయ్యతో. నవ్వులు సద్దుమణిగేలోపు మొదటి చుక్క పడిపోయింది. నా కర్తవ్యం నెరవేర్చానన్న తృప్తితో నేను గారెల దగ్గరికి వెళ్లాను.

ఆ తర్వాత అత్తయ్య ఫోన్‌లో నాలుగు అలారాలు పెట్టుకుంది. ఈ ఇంట్లో షుగర్ మాత్రకి ఏనాడూ లేని క్రమశిక్షణ ఆ సీసాకి వచ్చింది. వారం తర్వాత యాంటీబయాటిక్ ఆపేశారు, ఎందుకంటే దాన్ని ఆపమని చెప్పింది ఉత్త కళ్ల డాక్టరు.

నెలకి చెకప్. నేనే డ్రైవ్ చేశాను. లోపల నర్సు మందులన్నీ చదివి, ఇంకేమైనా వాడుతున్నారా, ఇంట్లో ఉన్నవి ఏమైనా, అని అడిగింది.

"నో, నో," అన్నాడు మామయ్య, చాలా మర్యాదగా.

నేను ఆయన వైపు చూశాను. ఆయన గోడ మీది కంటి బొమ్మ వైపు చూశాడు. నేను నోరు తెరిచి, ఫోన్ తీసి చూసుకున్నాను.

ప్రెషర్ ఇరవై లోపు ఉండాలి. ముప్పై దాటింది. పుల్ల పెట్టినవాళ్లలో కొందరికి ఇలా అవుతుందని డాక్టరమ్మ చెప్పి, ప్రెషర్ తగ్గించే చుక్కలు రాసి, రెండు వారాల్లో మళ్లీ రమ్మంది. కార్లో అడిగాను.

"లేదని ఎందుకు చెప్పావు మామయ్యా?"

"ఒరేయ్, ఆవిడ ముందు ఇంకో డాక్టర్ చెప్పాడంటే ఆవిడకి చిన్నతనంగా ఉండదూ?"

"పోనీ వేసుకోవడం మానెయ్."

"అప్పుడు ఆయనకి చిన్నతనం. ఇంటికొచ్చి చూసి వెళ్లాడు పాపం."

"అయితే ఇద్దరి పరువూ నీ కంట్లోనే దాచావన్నమాట. ప్రెషర్ పెరక్కేం చేస్తుంది?"

మామయ్య నవ్వాడు. నాకు సంతోషమైంది. సిగ్నల్ పచ్చబడింది. ఆ విషయం అక్కడితో అయిపోయింది.

ఇందులో మామయ్య ఒక్కణ్నే అనడానికి లేదు. ఇది మనవాళ్లందరి నాగరికత. ఇంట్లో వాడే మందు అసలు డాక్టర్‌కి చెప్పరు. అది అబద్ధం కాదు, మర్యాద. మనకి మందులు రెండు రకాలు: అడిగితే చెప్పేవి, నిజంగా వాడేవి.

తర్వాతి వారం మామయ్యకి వీధి దీపాల చుట్టూ రంగుల వలయాలు కనబడటం మొదలైంది. కనుబొమ్మ పైన నొప్పి. అత్తయ్య డాక్టర్ అంకుల్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

"నేను చెప్పానా, ప్లాస్టిక్ అని! అది ఒళ్లు ఒప్పుకోవట్లేదు. ఇన్‌ఫ్లమేషన్ వచ్చి ప్రెషర్ పెరిగింది. మన డ్రాప్స్ ఆరు సార్లు చేసెయ్యండి."

నేను ఫోన్ మీదకి వంగి, "అంకుల్, ఆ డ్రాప్స్ వల్లే ప్రెషర్ పెరుగుతుంది," అన్నాను. ఈసారి జోకు లేకుండా.

అటువైపు పెద్దగా నవ్వు. "పెరుగు సైంటిస్టా? ఏమోయ్, నీ సీసాల్లో పుల్లలు ఏమంటున్నాయి?"

అత్తయ్య కూడా నవ్వింది, కళ్లు తుడుచుకుంటూనే. "ఊరుకోరా, నీకన్నీ ఆటలే. మేం ఏడుస్తుంటే."

"ఆటలు కాదత్తయ్యా. ఆపెయ్. ఫ్రిజ్ మీద రాసి ఉంది చూడు."

"అది రాసినప్పుడు నొప్పి లేదు కదా," అంది, అలారాలు ఆరు చేసుకుంటూ.

అప్పటికి నాలుగేళ్లుగా ఆ ఇంట్లో ఏ పెళ్లయినా, చావయినా, ఉద్యోగం పోయినా, అందరికంటే ముందు ఒక చురక వేసి, ఏడవబోయేవాళ్లని నవ్వించింది నేనే. దాన్ని తెలివి అనుకున్నాను. ఆ నాలుగేళ్లలో నేను కూడబెట్టింది ఏమిటంటే, నేను ఇల్లు కాలుతోందని అరిచినా అందరూ పకోడీలు బాగా వేగాయా అని అడిగే స్థితి. డాక్టర్ అంకుల్‌ని ఎంతైనా తిట్టుకోవచ్చు. ఆయనకి తెలీదు, తెలీదన్న సంగతీ తెలీదు. నాకు జీతమిచ్చేదే ఇది తెలుసుకోవడానికి.

మర్నాడు ల్యాబ్‌లో ఐదో వారం సీసా తీశాను. పుల్ల రెండు ముక్కలై, అంచులు తడిసిన బిస్కట్‌లా ఉంది. పట్టకారుతో ముట్టుకుంటే పొడైపోయింది. మామయ్య కంట్లో ఉన్నదీ ఇప్పుడు ఇంచుమించు ఇలాగే ఉంటుంది. దాన్ని ఇక ఎవరూ బయటికి లాగలేరు. అది తన పద్ధతిలో తను కరగాల్సిందే. మన చేతిలో ఉన్నది పైనుంచి పోసేది ఆపడం ఒక్కటే. మా ఇంట్లో దాన్ని రోజుకి ఆరుసార్లు, అలారం పెట్టి మరీ పోస్తున్నారు.

రెండో చెకప్ రోజు పొద్దున అత్తయ్య స్నానానికి వెళ్లినప్పుడు నీలం డబ్బాలోంచి ఒక సీసా తీసి జేబులో వేసుకున్నాను. దొంగతనం చేసినందుకు కాక, దాన్ని చాలా సీరియస్‌గా చేస్తున్నందుకు నాకే ఎబ్బెట్టుగా ఉంది.

ప్రెషర్ నలభైకి దగ్గర పడింది. డాక్టరమ్మ కుర్చీ లాక్కుని మామయ్యకి ఎదురుగా కూర్చుంది. మాట తక్కువ మనిషి దగ్గరగా కూర్చుంటే భయపడాలని నాకు ఆ రోజు తెలిసింది. నరం దెబ్బతినడం మొదలైందనీ, చుక్కలు పనిచేయట్లేదనీ, ఇక కంట్లో ఒక గొట్టం పెట్టి నీరు బయటికి తీసే ఆపరేషన్ చేయాలనీ చెప్పింది. ఉన్నది ఒక్క కన్ను కాబట్టి రిస్క్ గురించి కూడా చెప్పింది. చెప్పి, ఇంకోసారి అడిగింది: వేరే మందులేవీ లేవు కదా?

"నో, నో," అన్నాడు మామయ్య. గొంతు సన్నబడింది గానీ మర్యాద తగ్గలేదు.

నేను సీసా తీసి బల్ల మీద పెట్టాను. "రోజుకి ఆరు సార్లు," అన్నాను ఇంగ్లీషులో. "ఆపరేషన్ అయిన మూడో రోజు నుంచి. నాకు తెలుసు, నేను చెప్పలేదు."

ఆవిడ సీసా తీసుకుని లేబుల్ చదివింది. నా వైపు చూసింది. నువ్వేం పని చేస్తుంటావని అడిగింది. చెప్పాను. ఆ పైన ఆవిడ ఏమీ అనలేదు. నా జీవితంలో నా మీద పడ్డ జోకుల్లో అంత బాగా పడింది ఇంకోటి లేదు.

డ్రైవ్‌వేలో కారు ఆపాక మామయ్య అన్నాడు.

"పరువు తీశావురా. నేను అబద్ధాలకోరునని అనుకుంటుంది ఆవిడ."

"కళ్లున్న అబద్ధాలకోరువి మామయ్యా. అది చాల్లే."

నవ్వలేదు. దిగి, తలుపు గట్టిగా వేసి వెళ్లిపోయాడు. అత్తయ్య నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు అన్నం వడ్డిస్తూ, "ఆ సీసా తిరిగిచ్చిందా?" అని అడిగింది. "సగం కూడా అవలేదు అది."

ఆ చుక్కలు ఆపేశారు. ప్రెషర్ మందులు ఇంకో రెండు చేర్చారు. మొదటి వారం ఏమీ కదల్లేదు. గొట్టం ఆపరేషన్‌కి రోజు కూడా అనుకున్నారు. రెండో వారంలో కాస్త దిగింది, మూడో వారంలో ఇంకాస్త. ఆపరేషన్ అక్కర్లేకపోయింది. పుల్ల దాని పని అది చేసింది. వాపు తగ్గింది, ఎదురుగా ఉన్నది చూసే చూపు బాగా వచ్చింది, చిన్న అక్షరాలు కూడా చదువుతున్నాడు. ఆర్నెల్లకి డాక్టరమ్మ లోపలికి చూసి పుల్ల జాడే లేదంది. ఈ కథలో తన మాట నిలబెట్టుకున్నది అదొక్కటే.

కానీ పక్క చూపు పరీక్షలో, ముక్కు వైపు ఒక ముక్క తిరిగి రాలేదు. రెండు కళ్లున్నవాళ్లకైతే తెలీదు. ఆ వైపు రెండో కన్ను చూసుకుంటుంది. మామయ్యకి ఆ రెండోది కిటికీని మాత్రమే చూస్తుంది. అందుకని ఎడమవైపు నుంచి వచ్చేవాళ్లు ఆయనకి ఉన్నట్టుండి పుడతారు. టీ కప్పు ఎడమవైపు పెడితే చల్లారిపోయేదాకా అక్కడే ఉంటుంది. లైసెన్స్ మీద పగలు మాత్రమే అని రాశారు. అత్తయ్య డ్రైవింగ్ క్లాసులో చేరింది, ఈసారి నిజంగా. నేను వెళ్లి ఆయనకి కుడివైపు కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. ఆ అలవాటు మీద జోకు వేయాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది.

ఇవన్నీ కుదుటపడ్డాక డాక్టర్ అంకుల్ మళ్లీ వచ్చాడు. యాపిల్స్ తెచ్చాడు. సోఫాలో ఎడమవైపు, తన చోట్లో కూర్చున్నాడు.

"చూశారా, నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాను. ప్లాస్టిక్ మంచిది కాదని. మీ అదృష్టం, మన డ్రాప్స్ కాపాడాయి."

అత్తయ్య నా వైపు చూసింది. నేను నోరు తెరిచాను. నాలుగైదు వాక్యాలు పదును పెట్టి సిద్ధంగా ఉన్నాయి, ఏది వదలాలా అని చూసుకుంటున్నాను. ఈలోపు మామయ్య నల్లద్దాలు తీసి తుడుచుకుంటూ, ఎదురుగా గోడ వైపే చూస్తూ, ఎప్పుడూ ఉండే మర్యాదతోనే అన్నాడు.

"డాక్టర్ గారూ, మీరు ఆ వైపు కూర్చుంటే నాకు కనబడరండీ."

"అయ్యో, అలాగా!" అని ఆయన లేవబోయాడు. "ఇటొస్తాను ఉండండి."

"వద్దండీ," అన్నాడు మామయ్య. "అక్కడే ఉండండి. బాగుంది."

ఆయన సగం లేచినవాడు మళ్లీ కూర్చున్నాడు. ఎవరూ నవ్వలేదు. అత్తయ్య వంటింట్లోకి వెళ్లి, గారెలు తేకుండా చాలాసేపు అక్కడే ఉండిపోయింది.